బండి ఇచ్చాం కదా, మళ్లీ ఖర్చెందుకు?
(మన ఫోర్ వీల్ డ్రైవ్ బండి డిఫరెన్షియల్ గురించి దాతలకు ఒక వివరణ)



మన సొసైటీ సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదివే ప్రతిసారీ ఒక ప్రశ్న వస్తుంది. "బండి దానంగా ఇచ్చేశాం కదా, దాని పేరున మళ్లీ ఈ ఖర్చు ఏమిటి?" అని. అడగడంలో తప్పేమీ లేదు. మీరిచ్చిన ప్రతి రూపాయీ మా చేతిలో అమానత్. దాని లెక్క ఇక్కడ మీకు, రేపు అల్లాహ్‌కు చెప్పాల్సినవాళ్లం. అయితే రశీదు మీద "డిఫరెన్షియల్ పని" అని రెండు మాటలు రాసి ఊరుకుంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. అందుకే ఈ ఏడాది సంచికలో ఆ రెండు మాటలనే విడమరచి చెబుతున్నాను. అందులో ఎంత పని మన పెరట్లోనే చేసుకోవచ్చు, ఎక్కడ ఆగి పనివాడి దగ్గరకు వెళ్లాలి అన్నది కూడా చెబుతాను. మీలో చాలామందికి సొంత జీపులు, బొలెరోలు ఉన్నాయి కాబట్టి ఇది మీ ఇంటికీ పనికొస్తుంది.

ముందుగా ఒక మాట. జకాత్ సొమ్ములో ఒక్క పైసా కూడా బండి మీద పెట్టడం లేదు. అది హక్కుదారులది, దాని పుస్తకం వేరు. బండి ఖర్చంతా సాధారణ సదఖా, విరాళాల నుంచే.

ఈ బండి ఎందుకు?

అరసవల్లి నుంచి శ్రీకాకుళం ఆస్పత్రికి వెళ్లడానికి ఆటో చాలు. విశాఖ కేజీహెచ్‌కు వెళ్లడానికి మామూలు కారు చాలు. కానీ మన జిల్లా అంతా జాతీయ రహదారి పక్కనే లేదు. వానాకాలంలో సీతంపేట, పాతపట్నం వైపు కొండవాలు ఊళ్లకు, ఉద్దానంలో తోటల మధ్య ఉన్న ఇళ్లకు వెళ్లాలంటే మట్టి దారి, గెడ్డ, బురద తప్పవు. ఉద్దానం కిడ్నీ రోగులకు డయాలసిస్ తప్పిపోతే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. ప్రసవానికి తీసుకెళ్లాల్సిన ఆడబిడ్డ అయినా, సొంత ఊరికి చేర్చాల్సిన జనాజా అయినా దారి బాగుపడేదాకా ఆగరు. మన బండి ఎవరి మతమూ అడగదు. పిలిచినవారి గుమ్మం ముందుకు వెళ్తుంది.

తుఫానుల సంగతి వేరే చెప్పాలి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. 2021లో గులాబ్ సెప్టెంబరు 26నే కళింగపట్నం దగ్గర తీరం దాటింది. అంటే మన బండికి అసలు పరీక్ష సెప్టెంబరు చివర మొదలవుతుంది. ఆ లోపే అది సిద్ధంగా ఉండాలి. ఈ పాఠం మేము ఆలస్యంగా, నష్టపోయి నేర్చుకున్నాం.

తిత్లీ తరువాత జరిగింది

తిత్లీ వెళ్లిన మర్నాటి నుంచి మన కుర్రాళ్లు బియ్యం, మంచినీళ్ల డబ్బాలు, టార్పాలిన్లు వేసుకుని నరసన్నపేట, టెక్కలి, పలాస మీదుగా ఉద్దానం వెళ్లారు. కొబ్బరి చెట్లు రోడ్డుకు అడ్డంగా పడి ఉన్నాయి. పక్కనుంచి పొలాల్లోకి దిగి, మోకాలి లోతు నీళ్లలో బండిని నడిపారు. పది రోజులు అలా తిరిగింది. అందరూ మెచ్చుకున్నారు. తిరిగొచ్చాక బండిని శుభ్రంగా కడిగారు, సీట్లు ఆరబెట్టారు, ఇంజన్ ఆయిల్ మార్చారు. వెనుక యాక్సిల్ ఆయిల్ మాత్రం ఎవరూ చూడలేదు. అందులో నేనూ ఉన్నాను.

రెండు నెలలకు వెనుక నుంచి సన్నగా మోత మొదలైంది. టైర్ల శబ్దం అనుకున్నాం. ఒకరోజు పాతపట్నం వైపు నుంచి ఒక గర్భిణిని తీసుకొస్తుంటే ఆ మోత గరగరగా మారింది. ఇక నడిపితే చక్రం బిగుసుకుపోతుందన్న భయంతో డ్రైవరు దారిలో ఆపేశాడు. చీకటి పడుతోంది. ఎదురొచ్చిన ఆటోను బతిమాలి ఆమెను పంపించాం. అల్హందులిల్లాహ్, తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారు. కానీ ఆ అరగంట ఆమె తల్లి మా ముఖాలు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. బండిని నమ్మి ఎక్కినవాళ్లను దారిలో దింపేశాం.

ఒక షెడ్డులో చూపిస్తే మూత కూడా విప్పకుండా, "మొత్తం సెట్టు పోయింది, కొత్తది వేయాలి" అన్నారు. వేలల్లో మాట. అప్పుడు ఒకప్పుడు లారీ షెడ్లలో పనిచేసిన ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లాం. మేమంతా ఆయన్ను చాచా అంటాం.

"చాచా, కొత్త సెట్టు వేయాలంటున్నారు."

"ఆయిల్ దింపి చూశారా, బాబూ?"

"లేదు చాచా."

"ఆయిల్ చూడకుండా సెట్టు సంగతి ఎవరు చెప్పగలరు? బండిని మీ పెరట్లోకి తోయించండి. నేనొస్తాను."

మర్నాడు అరసవల్లిలో మన సభ్యుడొకరి పెరట్లో డ్రెయిన్ బోల్టు విప్పాం. నల్లగా, చిక్కగా రావలసిన ఆయిల్ పాలు కలిపిన కాఫీలా వచ్చింది. నీళ్లు. రెండు నెలలు గేర్లు, బేరింగులు ఆ నీళ్లలోనే తిరిగాయి.

అసలు డిఫరెన్షియల్ ఏం చేస్తుంది?

బండి వెనుక చక్రాల మధ్య కింద గుమ్మడికాయలా ఒక ఇనుప బుర్ర కనిపిస్తుంది కదా, అదే డిఫరెన్షియల్ హౌసింగ్. గేర్‌బాక్సు నుంచి పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్టు వచ్చి అందులోకి దూరుతుంది. షాఫ్టు కొసన ఉండే చిన్న గేరును పినియన్ అంటారు. అది తిప్పే పెద్ద పళ్లచక్రాన్ని క్రౌన్ అంటారు. పినియన్‌కు 10 పళ్లు, క్రౌన్‌కు 41 పళ్లు ఉన్నాయనుకోండి. షాఫ్టు నాలుగుసార్లకు కాస్త ఎక్కువ తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. వేగం తగ్గి బలం పెరుగుతుంది. దీన్నే రేషియో అంటారు. ఈ లెక్కలో అది 4.1.

ఇక రెండో పని. జనాజాను భుజాల మీద మోసుకుంటూ సందు మలుపు తిరిగేటప్పుడు గమనించారా? లోపలి వైపు భుజం ఇచ్చినవారు చిన్న అడుగులు వేస్తారు. బయటి వైపు ఉన్నవారు పెద్ద అడుగులు వేస్తారు. అందరూ ఒకే అడుగు వేస్తే సందూక్ ఒరిగిపోతుంది. బండి చక్రాలదీ అదే పరిస్థితి. రెండు వెనుక చక్రాల మధ్య దూరం ఒకటిన్నర మీటరు అనుకుంటే, బండి ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి బయటి చక్రం లోపలి చక్రం కన్నా సుమారు 9.4 మీటర్లు ఎక్కువ దూరం నడుస్తుంది. వీధి మలుపంత పావు చుట్టుకే తేడా రెండు మీటర్ల పైచిలుకు. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగిస్తే టైరు రోడ్డు మీద రాసుకుపోవాలి, లేదా కడ్డీ మెలిపడాలి.

అందుకే క్రౌన్‌కు బిగించిన గూటిలో చిన్న బెవెల్ గేర్లు పెట్టారు. మన మెకానిక్‌లు వాటిని స్టార్ పినియన్లు అంటారు. తిన్నగా వెళ్లేటప్పుడు అవి తమలో తాము తిరగవు. మలుపు వచ్చినప్పుడు తిరిగి, ఒక చక్రానికి తగ్గించిన వేగాన్ని రెండోదానికి కలుపుతాయి. ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెకర్ అనే గడియారాల పనివాడు 1827 ప్రాంతంలో ఆవిరి బండి కోసం దీన్ని రూపొందించాడు. దాదాపు రెండు వందల ఏళ్లయినా ఆ ఆలోచన మారలేదు.

దీనికి ఒక బలహీనత ఉంది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగానే బలం ఇస్తుంది. ఒక చక్రం బురదలో జారిపోతుంటే దానికి పట్టే బలం చాలా తక్కువ. గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే అందుతుంది. అందుకే ఒక చక్రం గిరగిరా తిరుగుతూ బండి కదలకుండా ఉండిపోవడం మీరు చూసి ఉంటారు. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ముందు యాక్సిల్‌కూ ఒక డిఫరెన్షియల్ ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసు అనే పెట్టె బలాన్ని ముందుకు, వెనక్కు రెండువైపులా పంపుతుంది. వెనుక చక్రం జారినా ముందువి లాగుతాయి. మనం ఈ బండి తీసుకున్నది ఈ సుగుణం కోసమే.

అయితే మన బండి లాంటి పాత తరహా ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు, వెనుక యాక్సిళ్ల మధ్య తేడాను సర్దే మూడో డిఫరెన్షియల్ ఉండదు. కాబట్టి పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి నడిపితే, మలుపుల్లో ముందు యాక్సిల్, వెనుక యాక్సిల్ ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. వానలో, బురదలో, ఇసుకలో చక్రం కాస్త జారి ఆ బిగువు వదులుతుంది. పొడి రోడ్డు మీద వదలదు, గేర్లే భరించాలి. "హైవే మీద పట్టు బాగుంటుంది" అని ఫోర్ వీల్ వేసే డ్రైవర్లకు ఈ సంగతి తప్పక చెప్పండి. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలనేదీ ఇందుకే.

నీళ్లు లోపలికి ఎలా వెళ్లాయి?

హౌసింగ్ గట్టిగా మూసి ఉంటుంది, నీళ్లు ఎలా పోతాయి అని మేమూ అనుకున్నాం. చాచా చూపించాడు. హౌసింగ్ పైన వేలి కొసంత బ్రీదర్ ఉంటుంది. గేర్లు తిరిగి వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచించి దాని గుండా బయటకు పోతుంది. అలా వేడిగా ఉన్న యాక్సిల్ ఒక్కసారిగా గెడ్డలో చల్లటి నీళ్లలోకి దిగితే లోపలి గాలి కుంచించుకుంటుంది. బయటి నుంచి ఏదో ఒకటి లోపలికి లాక్కోవాలి. బ్రీదర్ నీటిలో మునిగి ఉంటే దాని గుండా నీళ్లు పీలుస్తుంది. బ్రీదర్ మట్టితో పూడిపోయి ఉంటే ఆయిల్ సీళ్ల అంచుల నుంచి పీలుస్తుంది. పూడిన బ్రీదర్ వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. వేడికి పెరిగిన ఒత్తిడి బయటకు పోయే దారి లేక ఆయిల్‌ను సీళ్ల గుండా నెడుతుంది. చాలామంది సీలు మారుస్తారు, బ్రీదర్ శుభ్రం చేయరు. నెలకే సీలు మళ్లీ కారుతుంది.

మన బండి బ్రీదర్ బంకమట్టితో నిండిపోయి ఉంది. దాని ధర బండి మొత్తంలో లెక్కలోకి రానంత చిన్నది.

ఇంటి దగ్గర చేసుకోగలిగిన పనులు

అన్నిటికన్నా ముందు భద్రత. జాకీ ఒక్కదాని మీద బండిని నమ్మి కిందకు దూరకూడదు. ఇటుకల మీద నిలబెట్టకూడదు, అవి చెప్పకుండా పగులుతాయి. గట్టి నేల మీద ఇనుప స్టాండ్లు పెట్టి, నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనుకా అడ్డు వేసి, బండిని చేత్తో కుదిపి చూసి, అప్పుడే కిందకు వెళ్లాలి. ఇంట్లో ఇంకొకరు దగ్గర ఉండాలి.

మొదటి పని ఆయిల్ చూడటం. బండి సమతలంగా ఉండాలి. హౌసింగ్‌కు పక్కన లేదా వెనుక ఫిల్లర్ బోల్టు ఉంటుంది. దాన్ని విప్పి వేలు పెడితే ఆయిల్ రంధ్రం అంచుకు తగలాలి. వేలికి అంటిన ఆయిల్ చూడండి. నల్లగా ఉంటే పాతబడింది. పాలరంగు ఉంటే నీళ్లు కలిశాయి. వేళ్ల మధ్య రాస్తే ఇసుకలా గరుకు తగిలితే ఇనుప రజను ఉంది.

రెండోది ఆయిల్ మార్చడం. ఇక్కడ ఒక నియమం మరవకండి. డ్రెయిన్ బోల్టుకు ముందు ఫిల్లర్ బోల్టు విప్పాలి. ఏళ్ల తరబడి విప్పని ఫిల్లర్ బోల్టు తుప్పుతో పట్టేసి ఉంటుంది. ఆయిల్ అంతా కిందకు వదిలేశాక అది ఊడకపోతే కొత్త ఆయిల్ పోసే దారి ఉండదు, బండి అక్కడే ఉండిపోతుంది. నాలుగైదు కిలోమీటర్లు నడిపి, ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దింపితే అడుగున చేరిన మడ్డి కూడా వచ్చేస్తుంది. డ్రెయిన్ బోల్టుకు అయస్కాంతం ఉంటే దాన్ని చూడండి. బూడిదరంగు పేస్టులా సన్నని రజను అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదల. గోరుకు తగిలే ముక్కలు, పలుకులు ఉంటే పన్నో, బేరింగో విరిగిందన్నమాట. ఇక నడపకూడదు.

ఏ ఆయిల్ పోయాలన్నది బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. క్రౌన్, పినియన్ పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, గట్టి ఒత్తిడితో జారుతాయి కూడా. అందుకే వీటికి సాధారణంగా జీఎల్-5 తరగతి గేర్ ఆయిల్ కావాలి. 80డబ్ల్యూ-90 గానీ 85డబ్ల్యూ-140 గానీ అని చిక్కదనం డబ్బా మీద రాసి ఉంటుంది. దుకాణంలో ఉత్తినే "గేర్ ఆయిల్ ఇవ్వండి" అనకండి. గేర్‌బాక్సుకు పోసేది, దీనికి పోసేది ఎప్పుడూ ఒకటి కావు. ఇత్తడి భాగాలున్న కొన్ని గేర్‌బాక్సులకు జీఎల్-5 హాని చేస్తుంది. జారుడు తగ్గించే ప్రత్యేక డిఫరెన్షియల్ ఉన్న బండ్లకు ఆయిల్ వేరేగా ఉంటుంది. అంచుదాకా పోసి, రంధ్రం నుంచి కారడం మొదలవగానే ఆపి బోల్టు బిగించాలి.

నీళ్లు కలిసి ఉంటే ఒక్కసారి మార్చితే సరిపోదు. గోడలకు, గేర్లకు అంటిన తడి మిగిలిపోతుంది. కొత్త ఆయిల్ పోసి, కొద్ది దూరం మెల్లగా నడిపి, దాన్నీ దింపేసి మళ్లీ పోయాలి. కిరోసిన్ పోసి కడగడం మన వైపు అలవాటు. అది లోపల మిగిలితే కొత్త ఆయిల్‌ను పలుచన చేసి బేరింగులను పాడుచేస్తుంది.

దింపిన ఆయిల్‌ను కాలువలో పారబోయకండి. మన కాలువలు చివరకు నాగావళిలోనే కలుస్తాయి. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ కొనేవారికి ఇవ్వండి.

మూడోది బ్రీదర్. విప్పి, శుభ్రం చేసి, ఊదితే గాలి ఆడుతోందో లేదో చూడాలి. మేము దానికి రబ్బరు గొట్టం తగిలించి, పైకి, ఛాసిస్ కన్నా ఎత్తుకు తీసుకెళ్లి కట్టాం. ఇప్పుడు యాక్సిల్ మునిగినా గొట్టం నోరు నీటికి పైనే ఉంటుంది.

నాలుగోది శబ్దాన్ని బట్టి జబ్బును గుర్తించడం. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా ఈల వేస్తే అనుమానం క్రౌన్ పినియన్ మీద. తొక్కినా వదిలినా ఒకేలా గరగరలాడితే బేరింగుల మీద. మలుపుల్లోనే టకటకమంటే స్టార్ పినియన్ల మీద, ముందు చక్రాల దగ్గరైతే అక్కడి జాయింట్ల మీద. క్లచ్చి వదలగానే "ఠక్" మంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులను చూడండి. షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పితే ఆట క్రాసులో కనిపిస్తుందో, పినియన్‌లో కనిపిస్తుందో తెలిసిపోతుంది. క్రాసు అయితే తక్కువ ఖర్చుతో పోతుంది. దాన్ని విప్పే ముందు షాఫ్టుకూ ఫ్లాంజికీ కలిపి ఒక గీత గీయండి. తిరిగి అదే వరసలో బిగిస్తే వణుకు రాదు.

ఐదోది చక్రం వైపు ఆయిల్ సీలు. బ్రేకు డ్రమ్ము లోపల ఆయిల్ తడి కనిపిస్తే దాన్ని వాయిదా వేయకండి. ఆయిల్ తాగిన బ్రేకు పట్టదు. యాక్సిల్ షాఫ్టును బయటకు లాగి, పాత సీలును పెరికి, కొత్తదాన్ని సమానంగా కొట్టి కూర్చోబెట్టడం ఓపిక ఉన్నవారు ఇంటి దగ్గర చేసుకోవచ్చు. సీలు పెదవికి కాస్త గ్రీజు రాయాలి. షాఫ్టును తిరిగి దూర్చేటప్పుడు దాని పళ్లు సీలు పెదవిని కోయకుండా చూసుకోవాలి. ఆయిల్ పట్టిన బ్రేకు లైనింగును తుడిచి మళ్లీ వాడకూడదు, మార్చాలి.

ఎక్కడ ఆగాలి?

చాచా మాకు నేర్పిన పెద్ద పాఠం ఇదే. విప్పడం అందరికీ వస్తుంది, సెట్టింగు అందరికీ రాదు.

మన బండికి వెనుక మూత ఉంది. బోల్టులు విప్పి మూత తీస్తే లోపల అంతా కనిపించింది. క్రౌన్ పళ్లను ఒక్కొక్కటిగా టార్చి వేసి చూశాం. పన్ను విరగలేదు, గుంటలు పడలేదు. కానీ క్రౌన్‌ను రెండువైపులా మోసే బేరింగుల్లో ఒకటి, పినియన్ బేరింగు ఒకటి తుప్పుకు గుల్లబారాయి. మోత వాటిదే. అంటే సెట్టు మొత్తం మార్చనక్కర లేదు.

విప్పేటప్పుడు ఆయన చేయించిన పనులు గుర్తుపెట్టుకోదగ్గవి. బేరింగును పట్టి ఉంచే రెండు క్యాపుల మీద పంచితో గుర్తులు కొట్టించాడు. ఎడమదానికి ఒక చుక్క, కుడిదానికి రెండు. అవి వాటి చోటుకే కోసి తయారుచేసినవి, తారుమారు చేయకూడదు. బేరింగు పక్కనుండే పల్చటి షిమ్ములను ఏ వైపువి ఆ వైపు విడి సంచుల్లో వేయించాడు. కాగితమంత షిమ్ము తేడాతో కూడా గేరు మోత మొదలవుతుంది.

అంతవరకు మా పని. ఆ తరువాత భాగాలన్నీ ఆయన తెలిసిన షెడ్డుకు తీసుకెళ్లాడు. అక్కడ కొత్త బేరింగులు ప్రెస్సుతో ఎక్కించి, డయల్ గేజితో పళ్ల మధ్య ఖాళీ కొలిచారు. చాలా బండ్లలో ఈ ఖాళీ మిల్లీమీటరులో పదో వంతు నుంచి అయిదో వంతు లోపే ఉండాలి. ఖాళీ తక్కువైతే వేడెక్కి పళ్లు కాలిపోతాయి. ఎక్కువైతే కొట్టుకుని విరుగుతాయి. తరువాత పళ్లకు రంగు పేస్టు పూసి తిప్పి, అచ్చు పన్ను మధ్యలో పడుతోందో, అంచుకు పోతోందో చూసి షిమ్ములు సరిచేశారు. ఈ పని డయల్ గేజి లేకుండా, అనుభవం లేకుండా పెరట్లో చేయకూడదు. పినియన్ నట్టు కూడా అంతే. కొన్ని బండ్లలో దాని వెనుక నలిగే స్లీవు ఉంటుంది. పినియన్ సీలు మార్చి, నట్టును బలం కొద్దీ బిగిస్తే అది ఎక్కువ నలిగి బేరింగు బిగుసుకుపోతుంది. చిన్న సీలు పని పెద్ద ఖర్చవుతుంది.

ఇంకో హెచ్చరిక. క్రౌన్, పినియన్ రెండూ ఒకదానికొకటి జతగా రుద్ది తయారుచేసినవి. ఒకటి పాతది, ఒకటి కొత్తది వేయకూడదు. పాత సామాన్ల దుకాణంలో చవకగా సెట్టు దొరికినా ముందు దాని పళ్లు లెక్కపెట్టండి. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ముందు, వెనుక యాక్సిళ్ల రేషియో ఒకటే ఉండాలి. వెనుక 4.1, ముందు ఇంకొకటి అయితే ఫోర్ వీల్ వేసిన క్షణం నుంచి రెండూ పోట్లాడుకుంటాయి.

బండిలో ఇప్పుడున్న రేషియో తెలుసుకోవడానికి విప్పనక్కరలేదు. మామూలు డిఫరెన్షియల్ అయితే ముందు చక్రాలకు గట్టిగా అడ్డు వేసి, గేరు న్యూట్రల్‌లో, ట్రాన్స్‌ఫర్ కేసు టూ వీల్‌లో ఉంచి, ఒక వెనుక చక్రాన్ని మాత్రం స్టాండు మీదకు లేపండి. హ్యాండ్ బ్రేకు వదిలి, లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ఈలోగా ఇంకొకరు ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. అదే రేషియో. నాలుగు చుట్లు, ఇంకా పదో వంతు తిరిగితే 4.1. ఒక చక్రం నేల మీద ఆగి ఉన్నప్పుడు క్రౌన్ సగం వేగంతోనే తిరుగుతుంది కాబట్టి రెండు చుట్లు తిప్పుతాం.

దాతలకు మా మనవి

షెడ్డు నుంచి భాగాలు తిరిగొచ్చాక మా కుర్రాళ్లే బిగించి, ఆయిల్ పోసి, మళ్లీ ఒకసారి మార్చి, బండిని దారిలో పెట్టారు. ఖర్చు రెండు బేరింగులు, సీళ్లు, ఆయిల్, షెడ్డు కూలి. చాచా తన చేతికి ఏమీ తీసుకోలేదు. "నా వాటా కూడా ఆ బండిలో ఉండనివ్వండి" అన్నాడు. కొత్త సెట్టుకు చెప్పిన మొత్తంలో చాలా మిగిలింది. కానీ తుఫాను నుంచి వచ్చిన రోజే ఆయిల్ చూసి ఉంటే ఈ ఖర్చూ ఉండేది కాదు, ఆ గర్భిణి దారిలో దిగాల్సి వచ్చేదీ కాదు. తప్పు మాది. అందుకే ఆ గుల్లబారిన బేరింగును పారేయలేదు. సర్వసభ్య సమావేశంలో లెక్కల పుస్తకం పక్కన బల్ల మీద పెడతాం. చేత్తో తిప్పి చూడండి, దాని గరగర మీకే తెలుస్తుంది.

ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏటా ఆగస్టులో ముందు, వెనుక డిఫరెన్షియళ్లు, ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ చూస్తాం. బండి యాక్సిల్ లోతు నీళ్లలో దిగితే, ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్న దానితో సంబంధం లేకుండా, తిరిగొచ్చిన వెంటనే రెండు బోల్టులూ విప్పి చూస్తాం. చూసినవారు తేదీ వేసి పుస్తకంలో సంతకం పెడతారు. నెలకోసారి మన యువకులు నలుగురు చాచా దగ్గర కూర్చుని ఈ పని నేర్చుకుంటున్నారు. రేపు వాళ్లకు అది జీవనోపాధి కూడా కావచ్చు, ఇన్షా అల్లాహ్.

మనలో చాలామందికి బండి కొనడానికి ఇవ్వడం ఇష్టం. దాని మీద పేరు ఉంటుంది, రిబ్బను కత్తిరిస్తారు. ఆయిల్ డబ్బాకు, రబ్బరు సీలుకు ఇవ్వడానికి ఎవరూ ముందుకు రారు. సదఖా జారియా అంటే ఆగకుండా సాగే దానం కదా. బావి తవ్వించినవారి సవాబు ఆ బావిలో నీళ్లున్నంత కాలం సాగుతుందని నమ్ముతాం. పూడిక తీసినవారు కూడా ఆ నీళ్లలో భాగస్వాములే కదా. బండి సంగతీ అంతే. ఒంటెను కట్టేసి, ఆపైన అల్లాహ్ మీద భరోసా ఉంచాలన్న బోధ మనందరికీ తెలుసు. ఆయిల్ చూసుకుని బయలుదేరడం కూడా ఆ కట్టేయడంలో భాగమే.

కాబట్టి వచ్చే ఏడాది నుంచి మీరిచ్చే విరాళంలో కొంత "బండి నిర్వహణ" పేరున విడిగా రాయించమని కోరుతున్నాం. పెద్ద మొత్తం అక్కరలేదు. ఒకరు ఒకసారి ఆయిల్ మార్చే ఖర్చు తీసుకోవచ్చు, ఇంకొకరు సీళ్లు, మరొకరు ఒక టైరు. ఏ రూపాయి ఏ బోల్టు దగ్గర ఖర్చయిందో రశీదుతో సహా చూపిస్తాం. మీ దగ్గర పనికొచ్చే పానాల సెట్టు, ఇనుప స్టాండ్లు ఉండి వాడకుండా పడి ఉంటే అవి ఇచ్చినా చాలు.

ఈ బండి ఎక్కే ప్రతి రోగినీ అల్లాహ్ క్షేమంగా గమ్యం చేర్చుగాక. దీన్ని ఇచ్చినవారికి, నడిపేవారికి, దాని కింద పడుకుని బోల్టులు బిగించేవారికి సమానంగా ప్రతిఫలం ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలాం.